ఆటగాడికి సన్మానం చేయాల్సింది సొంతూరే

చిన్న ఊళ్లో సన్మానం ఎలా జరుగుతుందో అందరికీ తెలిసిందే. బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కడతారు. వేదిక మీద పెద్దలంతా మాట్లాడాక శాలువా కప్పి, మెమెంటో చేతికిచ్చి ఫొటో దిగుతారు. మర్నాడు జిల్లా పేజీలో ఆ ఫొటో వస్తుంది, వారం తిరక్కుండానే ఫ్లెక్సీ మీదకి మరొకరి పుట్టినరోజు శుభాకాంక్షలు ఎక్కుతాయి. జహీరాబాద్ పక్కన, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న మొగుడంపల్లి 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు మండల కేంద్రమైంది. ఇలాంటి ఊరి నుంచి వెళ్లిన ఒకరు ఫుట్‌బాల్‌నే వృత్తిగా చేసుకుని, పదిహేనేళ్లు పరాయి పట్టణాల్లో ఆడి, మోకాళ్లు అరిగిపోయి రిటైరై వస్తే ఆ ఊరు చేయాల్సింది ఏమిటి? నా సమాధానం సూటిగానే చెబుతాను. ఆ ఆటగాడిని గౌరవించే పని ఢిల్లీకో, ఆడిన క్లబ్బుకో వదిలేయకూడదు. సొంతూరే చేయాలి, మనిషి బతికి ఉండగానే చేయాలి, శాలువాతో ముగిసిపోని రూపంలో చేయాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా ఏమవుతుందో తెలుసుకోవడానికి మనకు దూరపు ఉదాహరణలు అక్కర్లేదు. హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్రే చాలు.

సికింద్రాబాద్ శివారులోని అమ్ముగూడలో 1936లో ఒక పేద కుటుంబంలో తులసీదాస్ బలరామ్ పుట్టారు. కొత్త బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు వాడి పారేసిన పాత బూట్లను చెప్పులు కుట్టే అతని చేత ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్నారని చెబుతారు. అక్కడి నుంచి ఆయన ఎంత దూరం వెళ్లారో చూడండి. 20 ఏళ్ల వయసులో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. ఆ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి నాలుగో స్థానంలో నిలిచింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టింది బలరామే. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో భారత్ ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచింది. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్లీ దక్కలేదు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరామ్ ముగ్గురూ కలిసి ఆడిన ఆ ముందు వరుసను భారత ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ అత్యుత్తమమైనదిగా లెక్కిస్తారు. హైదరాబాద్ తరఫున సంతోష్ ట్రోఫీ గెలిచిన బలరామ్ 1957లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. 1961లో ఆయన కెప్టెన్‌గా ఉండగా ఆ క్లబ్బు కలకత్తా లీగ్ గెలిచింది. ఊపిరితిత్తుల జబ్బు వల్ల 27 ఏళ్లు నిండేసరికే ఆట ఆపేయాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆయన బెంగాల్‌లోనే ఉండిపోయారు. హుగ్లీ నది ఒడ్డున ఉత్తర్‌పాడాలో ఒంటరిగా జీవించి, 2023 ఫిబ్రవరి 16న 86 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆ ముగ్గురికీ దక్కిన గుర్తింపును పక్కపక్కన పెట్టి చూస్తే మనసు చివుక్కుమంటుంది. చునీ గోస్వామికి 1983లో పద్మశ్రీ వచ్చింది. 2020 జనవరిలో, ఆయన బతికి ఉండగానే, తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. పి.కె. బెనర్జీకి 1990లో పద్మశ్రీ, 2004లో ఫిఫా ఆర్డర్ ఆఫ్ మెరిట్ దక్కాయి. బలరామ్‌కు 1962లో వచ్చిన అర్జున అవార్డే మిగిలింది, పద్మశ్రీ రాలేదు. పద్మ పురస్కారాలు సాధారణంగా మరణానంతరం ఇవ్వరు కాబట్టి ఆ తలుపు 2023లో దాదాపుగా మూసుకుపోయినట్టే. ఇందులో ఎవరి కుట్రా ఉందనుకోను. పద్మ పేర్లు ఢిల్లీలో వాటంతట అవి పుట్టుకురావు. రాష్ట్ర ప్రభుత్వాలో, మంత్రిత్వ శాఖలో, ప్రముఖులో, మామూలు పౌరులో ఎవరో ఒకరు పంపాలి. ఒక మనిషి పేరును ఏడాది తర్వాత ఏడాది విసుగు లేకుండా పంపాలంటే, ఇతను మావాడు అని పట్టుబట్టే ఊరు ఒకటి వెనక ఉండాలి. చునీకి, పి.కె.కి బెంగాల్ ఉంది. బలరామ్ బెంగాల్ దృష్టిలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఆటగాడు, హైదరాబాద్ దృష్టిలో కలకత్తా వెళ్లిపోయిన ఆటగాడు. రెండు ఊళ్ల మధ్య ఆయన జారిపోయారన్నది నా అంచనా. అందుకే జాతీయ గౌరవం కావాలన్నా దానికి మొదటి మెట్టు సొంతూరేనని అంటున్నాను. ఊరు అడగకపోతే దేశానికి గుర్తు చేసేవాళ్లే ఉండరు.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది, అది గట్టిదే. ఊరు వదిలి వెళ్లిపోయి, వేరే ఊరి జెర్సీ వేసుకుని, వేరే జనం కేరింతల మధ్య ఆడిన మనిషి మా ఊరికి ఏం చేశాడు, మేమెందుకు నెత్తిన పెట్టుకోవాలి అంటారు. ఈ ప్రశ్న వేసేవాళ్లు ఆట జరిగే తీరును పట్టించుకోవడం లేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ కూడా ఎత్తుకొచ్చింది. అంత గొప్ప జట్టున్న ఊళ్లో కూడా ఆటగాడికి దొరికింది పోలీసు ఉద్యోగం, దానితో వచ్చే జీతమే. లక్షలాది ప్రేక్షకులు, పెద్ద క్లబ్బులు, ఆటకు డబ్బులిచ్చే వ్యవస్థ కలకత్తాలో ఉన్నాయి. అందుకే నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ లాంటి హైదరాబాద్ కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు అటు వెళ్లారు. ఊరు విడవడం ఈ వృత్తిలో భాగం. పొట్ట చేతపట్టుకుని దుబాయికో ముంబైకో వెళ్లినవాళ్లను మన పల్లెలు ఎన్నడూ పరాయివాళ్లుగా చూడలేదు, ఇంటికి తిరిగొస్తే కడుపులో పెట్టుకున్నాయి. ఆటగాడి వలసను మాత్రం వేరే కొలతతో కొలవడం న్యాయం కాదు.

మహమ్మద్ హబీబ్ సంగతి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 1949లో హైదరాబాద్‌లో పుట్టి, పదిహేడేళ్లకే ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. బ్యాంకుల్లో, రైల్వేల్లో ఉద్యోగం చేస్తూ ఆడటమే ఆనవాయితీగా ఉన్న కాలంలో ఏ ఉద్యోగంలోనూ చేరకుండా ఆటనే వృత్తిగా పెట్టుకున్నారు కాబట్టి, ఆయన్ని భారతదేశపు తొలి ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అంటారు. కలకత్తా మైదానాల్లో అందరికీ బడే మియా ఆయనే. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు నయీముద్దీన్ కెప్టెన్, హబీబ్ అందులో ముఖ్యుడు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2తో సమంగా నిలిచినప్పుడు ఒక గోల్ హబీబ్‌ది. ఉద్యోగం వద్దనుకున్న మనిషికి రిటైరయ్యాక పెన్షన్ ఉండదన్న చిన్న నిజం ఈ ఘనతల వెనక దాగి ఉంది. ఆయన హైదరాబాద్‌కే తిరిగొచ్చి, జబ్బుతో చాలాకాలం ఇబ్బంది పడి 2023 ఆగస్టు 15న ఇక్కడే చనిపోయారు. బలరామ్ పోయింది కూడా ఆ ఏడాదే. ఒకే సంవత్సరంలో హైదరాబాద్ తన ఇద్దరు అతి పెద్ద ఫుట్‌బాలర్లను పోగొట్టుకుంది. ఆ రెండు తేదీలు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

గౌరవం ఆలస్యమైతే ఏమవుతుందో సయ్యద్ అబ్దుల్ రహీం జీవితం ఇంకా బాధగా చెబుతుంది. బడిలో పాఠాలు చెప్పుకునే ఈ మాస్టారు 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి, 1950 నుంచి సిటీ పోలీస్ జట్టు కోచ్, 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచిన భారత జట్లకు కోచ్. జకార్తా వెళ్లేనాటికే ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్. 1963 జూన్ 11న కన్నుమూశారు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో. ఆయన పేరు దేశమంతా వినపడింది 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమాతో, అంటే 61 ఏళ్లకు. ఆయన కొడుకు ఎస్.ఎస్. హకీం రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు, అంతర్జాతీయ రిఫరీ, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు. 2021 ఆగస్టులో ఆయన చనిపోయింది కలబురగిలో, అంటే మొగుడంపల్లికి సరిహద్దు అవతలున్న పక్క జిల్లాల ప్రాంతంలోనే. రహీం సాబ్‌ను ఇక్కడ తలుచుకోవడానికి ఇంకో కారణం ఉంది. సికింద్రాబాద్ నుంచి హైదరాబాద్ దాకా ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేవన్న కుర్రాడు బలరామ్‌కు సైకిల్ అద్దెకు రూపాయి తన జేబులోంచి ఇచ్చారని చెబుతారు. ఒక్క ఆటగాడిని పొగిడితే జట్టును చిన్నబుచ్చినట్టు కాదా అని అడిగేవాళ్లకు నేనిచ్చే జవాబు ఈ రూపాయిలో ఉంది. ఊరు చేసే సన్మానంలోనే ఆ ఆటగాడి పీఈటీ సారుకు, బూట్లు కుట్టిన మనిషికి, పంపించిన తల్లికి చోటుంటుంది. వాళ్లెవరో ఊరికే తెలుసు. రాష్ట్రపతి భవన్‌లో జరిగే ఉత్సవంలో వాళ్ల పేర్లు వినపడవు.

బతికి ఉన్నవాళ్ల పేరు మైదానాలకు పెట్టకూడదని కొందరి వాదన. మనిషి రేపు ఎలా మారతాడో తెలియదు, రాజకీయాల్లో చేరితే ఊరు రెండుగా చీలుతుంది అంటారు. ఈ భయం ఉత్తది కాదు. సిక్కింలోని చిన్న పట్టణం నామ్చీలో స్టేడియానికి బైచుంగ్ భూటియా పేరు పెట్టారు, అదీ ఆయన ఇంకా ఆడుతున్న రోజుల్లోనే. భూటియా ఆ తర్వాత నిజంగానే రాజకీయాల్లోకి వెళ్లారు, పార్టీ పెట్టారు, ఎన్నికల్లో ఓడారు. అయినా తింకితాం అనే కొండపల్లె కుర్రాడు భారత జట్టు కెప్టెన్ అయ్యాడన్న నిజం ఓట్ల లెక్కతో మారదు. జర్మనీలోని కైజర్స్‌లౌటర్న్ అనే చిన్న నగరం 1954 ప్రపంచకప్ గెలిపించిన కెప్టెన్ ఫ్రిట్జ్ వాల్టర్ పేరును 1985లోనే తన స్టేడియానికి పెట్టుకుంది. ఆ పేరుతో ఉన్న గ్రౌండులో మ్యాచ్‌లు జరగడం ఆయన మరో 17 ఏళ్లు కళ్లారా చూశారు. ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్‌లో ఫుట్‌బాలర్ టామ్ ఫిన్నీ విగ్రహాన్ని ఆయన చనిపోవడానికి దాదాపు పదేళ్ల ముందే నిలబెట్టారు. మనిషి చనిపోయాక పేరు పెడితే కుటుంబానికి ఓదార్పు దొరుకుతుంది. బతికి ఉండగా పెడితే ఆ మనిషే సాయంత్రం గ్రౌండుకొచ్చి పిల్లలతో మాట్లాడతాడు. రెండింటి మధ్య తేడా చాలా పెద్దది. రాజకీయాల భయానికి విరుగుడు కూడా కష్టమైనదేమీ కాదు. ఆట నుంచి రిటైరై కొన్నేళ్లు గడవాలని, గ్రామసభ తీర్మానం ఉండాలని, పదవిలో ఉన్నవాళ్ల పేరు పరిగణించకూడదని ముందే నియమం పెట్టుకుంటే సరిపోతుంది.

పైసలెక్కడివని అడుగుతారు. ఉన్న నాలుగు రూపాయలూ ఇప్పుడు ఆడే పిల్లలకు ఖర్చు పెట్టక, ఆట ముగిసినవాళ్ల మీద పెట్టడమెందుకని కూడా అడుగుతారు. తెలంగాణ ప్రభుత్వం గెలిచి వచ్చినవాళ్లను ఘనంగానే చూస్తోంది. 2024లో క్రికెటర్ సిరాజ్‌కు గ్రూప్-1 ఉద్యోగం, ఇంటి స్థలం ఇచ్చింది. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెస్తే కోటి రూపాయలు, స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. ఇవి ఇవ్వాల్సినవే. అయితే ఇవన్నీ పతకం వచ్చిన వారంలో, కెమెరాల వెలుగులో జరిగే గౌరవాలు. కేంద్రం ఇచ్చే క్రీడాకారుల పెన్షన్ కూడా ఒలింపిక్స్, ఆసియా క్రీడల వంటి పోటీల్లో పతకాలు తెచ్చినవారికే. నాలుగో స్థానంతో ఆగిపోయిన మెల్‌బోర్న్ జట్టు లాంటిది ఆ లెక్కలోకే రాదు. ఇక దేశానికి ఆడకుండా క్లబ్బు ఫుట్‌బాల్‌తోనే పొట్టపోసుకున్న ఆటగాడి సంగతి చెప్పక్కర్లేదు. ముప్పై ఐదేళ్లకు చేతిలో పని పోతుంది, చదువు సగంలో ఆగి ఉంటుంది, మోకాలి ఆపరేషన్ ఖర్చు నెత్తిన ఉంటుంది. ఇలాంటివాళ్లకు ఊరు చేయగల అతి పెద్ద సన్మానం పని ఇవ్వడం. 2022 జూన్ నుంచి పల్లెపల్లెనా తెలంగాణ క్రీడా ప్రాంగణాలని బోర్డులు పెట్టారు. చాలాచోట్ల బోర్డు ఉంది, ఆట లేదు, గడ్డి ఉంది. రిటైరైన ఆటగాడికి నెలకు ఇంత గౌరవ వేతనమని ఇచ్చి ఆ జాగా అప్పగిస్తే, పిల్లల మీద పెట్టే డబ్బూ ఆయన మీద పెట్టే డబ్బూ ఒకటే అవుతుంది. ఈ రెండింటికీ పోటీ ఉందనుకోవడమే పొరపాటు.

జహీరాబాద్ ప్రాంతానికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర మొదలుపెడతాయి. జొన్న, సజ్జ, కొర్ర, సామల వంటి విత్తనాలను ఎడ్లబండ్ల మీద పెట్టి, డప్పులతో, పాటలతో ఊరూరా తిప్పుతారు. విత్తనాలను కాపాడిన దళిత మహిళా రైతులకు అక్కడ దక్కే మర్యాద వేదిక మీద కుర్చీతో ఆగదు. వాళ్లకు తెలిసింది పక్క ఊరు నేర్చుకుంటుంది. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వాళ్లను వెతుక్కుంటూ వచ్చింది. ముందు ఊళ్లు గౌరవించాయి, ఆ తర్వాతే ప్రపంచం గౌరవించింది. ఆటగాడి విషయంలోనూ వరస ఇలాగే ఉండాలని నా వాదన. రిటైరైన ఆటగాడిని ఒకరోజు వేదిక ఎక్కించే బదులు మండలంలోని బడులకూ తండాలకూ ఏడాదికోసారి తిప్పండి. ఆయనకు తెలిసిన పది పాఠాలు, పడిన గాయాలు, మోసపోయిన కాంట్రాక్టులు అన్నీ పిల్లలకు చెప్పనివ్వండి. ఆట గురించి అందంగా మాట్లాడేవాళ్లు చాలామంది దొరుకుతారు. దాన్ని బతుకుతెరువుగా చేసుకుంటే ఏమవుతుందో లోపలినుంచి చెప్పగలిగేవాళ్లు ఊరికి ఒకరుంటే గొప్ప.

ఫుట్‌బాల్ కాలం ఇక్కడ ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడంతా క్రికెట్టే అనేవాళ్లు చివరికి మిగులుతారు. పూర్తిగా అయిపోలేదు. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిలో జరిగింది. ఆడింది మాత్రం బెంగాల్, కేరళ. ఆ రెండు రాష్ట్రాలే ఫైనల్లో ఉండటం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. కోల్‌కతా మైదాన్‌లో గోష్ఠ పాల్ విగ్రహం ఉంది, ఆయన పేరిట రోడ్డు ఉంది. త్రిశూర్ మైదానంలో సోడాలు అమ్మిన ఐ.ఎం. విజయన్‌కు పోలీసు శాఖ ఉద్యోగమిచ్చి నిలబెట్టుకుంది, 2025లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పాతవాళ్లను మరిచిపోని చోట కొత్తవాళ్లు పుడుతున్నారు. మన దగ్గరా ఒకరు పుట్టారు. నిజామాబాద్ జిల్లాలోని ఒక లంబాడీ తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్‌కు ఆడింది. 2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను దేశంలో ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. ఆమె ఆడేది కూడా ఈస్ట్ బెంగాల్‌కే. అరవై ఏళ్ల కింద బలరామ్ వేసుకున్న ఎరుపు, బంగారు రంగుల జెర్సీనే ఇప్పుడు మన తండా అమ్మాయి వేసుకుంటోంది. ఆమె రిటైరయ్యేదాకా ఆగాల్సిన పని ఏమిటి? ఆమెకు మొదట బంతి ఇచ్చిందెవరు, ఏ గ్రౌండులో ఆడింది, తొలి బూట్లు ఎవరు కొనిచ్చారు అన్నవి చెప్పగలిగేవాళ్లు ఇవాళ అందుబాటులో ఉన్నారు, రాసిపెట్టుకోవచ్చు. బలరామ్ బూట్ల కథను, సైకిల్ రూపాయి కథను మనం ఇవాళ ‘అని చెబుతారు’ అంటూ చెప్పుకోవాల్సి వస్తున్నది ఆ రోజుల్లో అమ్ముగూడలో ఎవరూ రాసిపెట్టకపోవడం వల్లే. మొగుడంపల్లి బడిలోనూ, చుట్టూ ఉన్న తండాల బడుల్లోనూ మండల స్థాయి పోటీలకు వెళ్లిన పిల్లల పేర్లు, సంవత్సరం, పంపిన సారు పేరు రాసే రిజిస్టరు ఒకటి ఈ విద్యా సంవత్సరం నుంచే మొదలుపెట్టొచ్చు. దానికయ్యే ఖర్చు ఒక లాంగ్ నోట్‌బుక్.